మ్యాప్‌లో మీ షాపు పేజీ మీద వేరేవాళ్ల పోస్టరు: తీయించడం ఎలా?

గుంటూరులో నాదో చిన్న డీటీపీ సెంటరు. జిరాక్సులు, పాన్ కార్డులు, పెళ్లి శుభలేఖల మధ్య ఈమధ్య కొత్త గిరాకీ ఒకటి మొదలైంది. చుట్టుపక్కల షాపులవాళ్లు వచ్చి, "అబ్బాయ్, గూగుల్‌లో మన షాపు ఒకసారి చూడు" అంటూ ఫోను చేతికిస్తున్నారు.

మొన్న వేసవిలో మా సందు చివర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే బాబాయ్ అలాగే వచ్చాడు. రెండు వారాలుగా ఫోన్లు బాగా తగ్గాయట. మ్యాప్‌లో ఆయన షాపు తెరిచి ఫోటోలు చూశాను. మొదటిది షాపు బోర్డు. రెండోది విప్పి పెట్టిన గ్రైండరు. మూడోది పసుపు రంగు పోస్టరు. దాని మీద ఎర్ర అక్షరాల్లో "ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మిక్సీ, 30 నిమిషాల్లో మీ ఇంటికి" అని ఉంది. కింద ఇంత లావున పది అంకెల ఫోన్ నంబరు. అది బాబాయ్‌ది కాదు. రివ్యూల్లోకి వెళ్తే ఐదు నక్షత్రాలతో "సూపర్ సర్వీస్, కాల్ చేయండి" అని ఒకటి ఉంది. అందులోనూ అదే నంబరు. కాకపోతే సగం అంకెల్లో, సగం అక్షరాల్లో రాశారు, సున్నా బదులు ఇంగ్లిష్ ఓ పెట్టారు. ఫిల్టరుకు దొరక్కుండా ఉండాలని.

"ఇది తీయించడానికి ఒకాయన ఆరువేలు అడుగుతున్నాడు. ఇచ్చేయమంటావా?" అన్నాడు.

ఇవ్వొద్దన్నాను. ఆ ఆరువేల పని రూపాయి ఖర్చు లేకుండా మనమే ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎక్కువగా గూగుల్ మ్యాప్స్ గురించే చెప్తాను. మన ఊళ్లలో జనం షాపు వెతికేది అక్కడే కాబట్టి.

అసలు వేరేవాళ్లు మన పేజీలోకి ఎలా వస్తారు?

మ్యాప్‌లో మీ షాపు పేజీ పూర్తిగా మీది కాదు. ఫోటో ఎవరైనా పెట్టొచ్చు. రివ్యూ ఎవరైనా రాయొచ్చు. పేరు తప్పని, నంబరు మారిందని, షాపు మూసేశారని ఎవరైనా సూచన పంపొచ్చు. ఈ తలుపులు తెరిచి ఉండబట్టే మ్యాప్ ఇంత పనికొస్తోంది, ఆ తలుపుల్లోంచే దొంగ ప్రకటనలూ వస్తున్నాయి. 2023 ఒక్క ఏడాదిలోనే నియమాలకు విరుద్ధమైన రివ్యూలు 17 కోట్లకు పైగా, దొంగ షాపుల పేజీలు కోటీ 20 లక్షలకు పైగా ఆపామనో తీసేశామనో గూగుల్ తనే చెప్పుకుంది. అంత ఆపినా బాబాయ్ పేజీలో పసుపు పోస్టరు మిగిలే ఉంది.

ముందు తెలుసుకోవాల్సింది మీ పేజీలోకి ప్రకటన ఏ తలుపులోంచి వచ్చిందన్నది. ఫోటోకి ఒక దారి, రివ్యూకి ఇంకో దారి, పక్కనే పుట్టుకొచ్చిన దొంగ షాపుకి మరో దారి. చాలామంది అన్నింటికీ కలిపి ఒకే ఫిర్యాదు రాసి, ఏదీ కదల్లేదని విసిగిపోతారు.

మొదటి పని: కస్టమరు కళ్లతో చూడండి

మీ ఫోన్లో మీ అకౌంటుతో తెరిస్తే గూగుల్ మిమ్మల్ని ఓనరుగా గుర్తుపట్టి, ఓనరు పేజీ చూపిస్తుంది. కాబట్టి ఇంట్లో వేరేవాళ్ల ఫోను తీసుకోండి, లేదా బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో విండో (మీ అకౌంటుతో లాగిన్ కాకుండా చూసే కిటికీ) తెరవండి. రెండు రకాలుగా వెతకండి. ఒకసారి షాపు పేరుతో, ఇంకోసారి జనం వెతికినట్టు, అంటే "మిక్సీ రిపేర్" పక్కన మీ పేట పేరు పెట్టి.

ఇప్పుడు పేజీలో ఉన్న ప్రతిదీ నొక్కి చూడండి. కాల్ నొక్కితే మీ ఫోనే మోగుతోందా? వెబ్‌సైట్ నొక్కితే ఎక్కడికి పోతోంది? డైరెక్షన్స్ మీ గుమ్మం దగ్గరికే తెస్తోందా, వెనక సందులోకి తీసుకెళ్తోందా? పనివేళలు సరిగ్గా ఉన్నాయా? ఫోటోలన్నీ చివరిదాకా జరపండి. రివ్యూలను "న్యూయెస్ట్" వరసలో పెట్టి చదవండి. రివ్యూల్లో వెతికే భూతద్దం గుర్తు ఉంటే "కాల్", "వాట్సాప్" అని కొట్టండి. దాక్కున్న నంబర్లు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

తప్పు కనిపించిన ప్రతిచోటా స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ తెలిసేలా. పేజీలో "షేర్" నొక్కితే వచ్చే లింకును కూడా వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. రిపోర్టు కొట్టేలోపు వాళ్లే దాన్ని తీసేసి వారం తర్వాత మళ్లీ పెట్టడం నేను చూశాను. అప్పుడు స్క్రీన్‌షాట్ లేకపోతే మన మాటకు ఆధారం ఉండదు.

రెండో పని: తాళం మీ చేతిలో ఉందా?

"నా పేజీ నాదే కదా" అనుకుంటారు. వచ్చినవాళ్లలో చాలామందికి తమ పేజీ ఏ ఈమెయిలుతో నడుస్తోందో తెలియదు. ఎప్పుడో బోర్డులు రాసే కుర్రాడు పెట్టించి ఉంటాడు, లేదా ఏదో ఏజెన్సీవాడు పెట్టి ఓనరుగా వాడే కూర్చుని ఉంటాడు.

పేజీలో "క్లెయిమ్ దిస్ బిజినెస్" అని కనిపిస్తే ఇంకా ఎవరూ తీసుకోలేదన్నమాట. మీరే తీసుకోండి. ఇప్పుడు చాలామందికి వీడియోతో వెరిఫికేషన్ అడుగుతోంది. ఆ వీడియో మధ్యలో ఆపకుండా ఒకేసారి తీయాలి, అతుకులు పెట్టకూడదు. అందులో మూడు విషయాలు కనబడాలి. ఒకటి, షాపు ఉన్న వీధి, బోర్డు. రెండు, లోపలి సరుకో పనిముట్లో. మూడు, ఈ షాపు నడిపేది మీరేననే రుజువు. బాబాయ్‌కి తీసినప్పుడు రోడ్డు మీద మొదలుపెట్టి, బోర్డు చూపించి, ఆయన తాళం తీసి షట్టరు ఎత్తుతుండగా లోపలికి వెళ్లి, బల్ల మీద మిక్సీ మోటార్లు చూపించి ఆపాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బ్యాంకు కాగితాలు, ఇతరుల ముఖాలు వీడియోలో పడకుండా చూసుకోండి.

పేజీ వేరొకరి చేతిలో ఉంటే "రిక్వెస్ట్ యాక్సెస్" అని అడగొచ్చు. అవతలివాళ్లకి 3 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు పలక్కపోతే, వెరిఫికేషన్ చేసి మీరే తీసుకునే దారి గూగుల్ చూపిస్తుంది. కొత్తగా ఓనరుగా చేరినవాళ్లకి మొదటి 7 రోజులు అన్ని అధికారాలూ రావు. పాతవాళ్లను తీసేయడం లాంటివి ఆ వారం తర్వాతే కుదురుతాయి. కంగారుపడకండి.

ఎవరికైనా పని అప్పగించాల్సి వస్తే "మేనేజర్"గా చేర్చండి. "ఓనర్"గా చేర్చకండి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు తాళంచెవి ఇస్తాం, దస్తావేజు ఇవ్వం కదా.

మూడో పని: ముందు మన వాకిలి ఊడ్చుకుందాం

ఇది ఎవరికీ నచ్చని సలహా. మీ పేజీ పేరులో మీరే ప్రకటన పెట్టుకుని ఉంటే ముందు అది తీయండి. బోర్డు మీద "శ్రీ లక్ష్మీ ఎలక్ట్రికల్స్" అని ఉండి, మ్యాప్‌లో "శ్రీ లక్ష్మీ ఎలక్ట్రికల్స్ బెస్ట్ మిక్సీ రిపేర్ గుంటూరు 24 గంటలు" అని ఉంటే అది కూడా గూగుల్ లెక్కలో అనవసర ప్రకటనే. బయట జనానికి తెలిసిన పేరే లోపలా ఉండాలన్నది నియమం. నినాదాలు, ఫోన్ నంబర్లు, వెబ్‌సైటు చిరునామాలు పేరులో ఉండకూడదు.

"పక్కవాడు పెట్టాడుగా" అంటారు. పెట్టాడు, నిజమే. అతని మీద మనం ఫిర్యాదు చేయబోతున్నాం. అప్పుడు అతనూ మన మీద చేస్తాడు. ఇలాంటి గొడవలో పేజీలు సస్పెండ్ అయితే తిరిగి తెచ్చుకోవడం పెద్ద టెన్షన్. షాపు లైసెన్సు, కరెంటు బిల్లు, జీఎస్‌టీ కాగితం అన్నీ వెతుక్కోవాలి. అదంతా పడేకంటే పేరు సరిచేసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే.

అలాగే ఓనరు పేజీలో గూగుల్ తనంతట తాను మార్చిన వివరాలు వేరే రంగులో కనిపిస్తాయి. ఎవరో పంపిన సూచనను ఒప్పుకుని నంబరో, పనివేళలో మార్చేసి ఉండొచ్చు. తప్పయితే అక్కడే తిప్పికొట్టండి. ఈమెయిలు నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి.

నాలుగో పని: పోస్టరు ఫోటోలు

కస్టమర్లు పెట్టిన ఫోటోను ఓనరు నేరుగా తీసేయలేడు, రిపోర్టు మాత్రమే చేయగలడు. ఫోటో తెరవండి, మూడు చుక్కలు నొక్కండి, రిపోర్ట్ ఎంచుకోండి. కారణాల్లో స్పామ్ లేదా ప్రకటన అన్న అర్థం వచ్చేది పట్టుకోండి. మెనూల పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి, మూడు చుక్కలు మాత్రం ఎక్కడికీ పోవు.

అక్కడితో ఆగకండి. ఆ ఫోటో పెట్టిన అకౌంటు పేరు మీద నొక్కండి. బాబాయ్ విషయంలో నొక్కితే అసలు కథ బయటపడింది. ఆ అకౌంటు అదే పసుపు పోస్టరును మంగళగిరిలో టీవీ షాపుకి, తెనాలిలో ఫ్యాన్ల షాపుకి, చివరికి ఒక కిరాణా కొట్టుకీ అతికించింది. ఇది మీ ఒక్కరి మీద పగ కాదు, గోడల మీద సినిమా పోస్టర్లు అంటించుకుంటూ పోయే బాపతు. అలాంటప్పుడు ఫోటోతోపాటు ఆ ప్రొఫైల్‌ను కూడా రిపోర్ట్ చేయాలి. మిగతా షాపులవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే ఒక ఫోను చేసి చెప్పండి. వాళ్ల పేజీలో ఉన్నది వాళ్లూ రిపోర్ట్ చేస్తే ఆ అకౌంటు తీరు తేలిగ్గా బయటపడుతుంది. ఊరికే స్నేహితులందరినీ పిలిచి ఒకే ఫోటో మీద వందమందితో కొట్టించడం మాత్రం నేను చూసినంతలో పనిచేయలేదు.

ఈలోగా మీ సొంత ఫోటోలు పది పెట్టండి. బోర్డు, షాపు ముందుభాగం, లోపల, మీరు పనిచేస్తుండగా ఒకటి. తాజా ఫోటోలు లేని పేజీలోనే పోస్టరు ముందుకు వచ్చి కూర్చుంటుంది.

ఐదో పని: నంబరు దాచుకున్న రివ్యూలు

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రివ్యూలో ఫోన్ నంబరు, ఈమెయిలు, వేరే సైటు లింకు, సోషల్ మీడియా లింకు పెట్టి గిరాకీ లాక్కోవడం గూగుల్ నియమాల్లో నిషిద్ధం. అవతలివాడు ఐదు నక్షత్రాలు ఇచ్చాడని వదిలేయకండి. ఆ నక్షత్రాలు మీకు లంచం, మీరు రిపోర్టు కొట్టకుండా ఉండటానికి. బాబాయ్ కూడా మొదట "రేటింగు తగ్గిపోదూ" అని వెనకాడాడు.

రివ్యూ పక్కన మూడు చుక్కలు, "రిపోర్ట్ రివ్యూ", కారణంగా "స్పామ్". రాసింది పోటీ షాపువాడేనని ఆధారముంటే "కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్". "నాకు నచ్చలేదు" అన్నట్టుండే కారణం ఎంచుకుంటే పని జరగదు. నిర్ణయానికి కొన్ని రోజులు పడుతుంది. ఏమైందో తెలుసుకోవడానికి గూగుల్ హెల్ప్ పేజీల్లో రివ్యూలను నిర్వహించే టూలు ఒకటి ఉంది. ఓనరు ఈమెయిలుతో లాగిన్ అయితే మీరు రిపోర్టు చేసిన ప్రతిదాని స్థితీ కనిపిస్తుంది. "నియమ ఉల్లంఘన లేదు" అని తేల్చేస్తే అప్పీలు చేసుకోవచ్చు, కానీ అది ఒక్కసారే. కాబట్టి అప్పీలులో ఆవేశం వద్దు. ఇలా రాయండి:

"ఈ రివ్యూలో మా షాపుకు సంబంధం లేని వ్యాపారపు ఫోన్ నంబరు ఉంది. అంకెలను అక్షరాలతో కలిపి రాశారు. ఇదే నంబరు ఇదే అకౌంటు నుంచి మరో మూడు షాపుల రివ్యూల్లోనూ ఉంది. లింకులు కింద ఇస్తున్నాం. ఇది ప్రకటన."

అంతే. మా తాతల కాలం నుంచి షాపు ఉంది, మేం చాలా నిజాయతీపరులం లాంటివి చదివేవాడికి అక్కర్లేదు.

రివ్యూ తీసేదాకా దాని కింద ఓనరుగా ఒక జవాబు పెట్టండి. "ఈ రివ్యూలో ఉన్న నంబరు మాది కాదు. మా షాపు నంబరు ఈ పేజీలో 'కాల్' బటన్ దగ్గర ఉన్నదే. ఇంటికి వచ్చి రిపేరు చేసే సర్వీసు మాకు లేదు." వాళ్ల నంబరును మీ జవాబులో మళ్లీ రాయకండి. రాస్తే ఇంకోసారి ప్రచారం చేసిపెట్టినట్టే.

నిజమైన కస్టమరు కోపంగా రాసిన ఒక నక్షత్రం రివ్యూ మాత్రం ఇందులోకి రాదు. దాన్ని స్పామ్ అని కొట్టొద్దు, పోదు. మర్యాదగా జవాబివ్వడమే దానికి మందు. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న రివ్యూలు, దొంగ రివ్యూలు ఉండకూడదనే దాని ఉద్దేశం కూడా. కాబట్టి "వంద రివ్యూలు ఇంతకి" అని ఎవరైనా బేరం పెడితే దూరంగా ఉండండి. ఆ రివ్యూలు రాసేవాళ్లు ఎక్కడినుంచి వస్తారో తెలుసా? "ఇంట్లో కూర్చుని హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, రివ్యూకి నూటయాభై" అంటూ టెలిగ్రామ్‌లో పిలిచే పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసం మన హైదరాబాదులో ఎందరి కొంప ముంచిందో పేపర్లో చదువుతూనే ఉన్నాం. మొదట కొన్ని వందలు ఇస్తారు, తర్వాత "టాస్కు" పేరుతో లక్షలు గుంజుతారు. దొంగ రివ్యూ రాసినవాడే చివరికి మోసపోవడం ఈ వ్యవహారంలో మామూలే.

ఆరో పని: పక్కన పుట్టుకొచ్చిన దొంగ పిన్ను

"మిక్సీ రిపేర్" అని వెతికితే బాబాయ్ కంటే పైన మూడు పేర్లు వచ్చాయి. వాటిలో ఒకదాని పిన్ను, అంటే మ్యాప్‌లో షాపు చోటు చూపే గుర్తు, మా సందులోనే, ఒక రిటైర్డ్ టీచరు గారి ఇంటి మీద పడి ఉంది. ఆవిడకు ఈ సంగతే తెలియదు. నడిచి వెళ్లి, గేటు ఫోటో తీసుకుని వచ్చాను.

దొంగ పిన్నును గుర్తుపట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. పేరు షాపు పేరులా కాకుండా జనం వెతికే మాటల్లా ఉంటుంది. ఫలానా కంపెనీ "ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్" అంటుంది కానీ ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు జాబితాలో ఉండదు. ఒకే నంబరు నాలుగైదు పేటల్లో నాలుగైదు పేర్లతో కనిపిస్తుంది. రివ్యూలన్నీ ఒకటే వారంలో పడి, ఆ తర్వాత నిశ్శబ్దం. వెళ్లలేనంత దూరమైతే స్ట్రీట్ వ్యూలో, అంటే మ్యాప్‌లోనే ఉండే వీధి ఫోటోల్లో చూడొచ్చు. 2022లో మన దేశంలో మళ్లీ మొదలైనప్పుడు తొలి 10 నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. ఫోటో తీసిన నాటికి బోర్డు లేనంత మాత్రాన ఇప్పుడూ లేదని కాదు, అది గుర్తుంచుకోండి.

ఇంకో జాగ్రత్త. బోర్డు లేని ప్రతివాడూ దొంగ కాదు. ఇంటినుంచి పనిచేసే ప్లంబరు, ఎలక్ట్రీషియను, ఇళ్లకు వెళ్లే బ్యూటీషియను అడ్రసు చూపించకుండా "ఈ ప్రాంతాల్లో సేవ" అని పెట్టుకోవచ్చు, అది నియమాల్లో ఉన్నదే. పొట్టకూటి కోసం పనిచేసుకునేవాడి పేజీ తీయించకండి.

దొంగదని రూఢి చేసుకున్నాక ఆ పేజీలో "సజెస్ట్ యాన్ ఎడిట్" నొక్కండి. రెండు దారులు వస్తాయి. షాపు నిజంగానే ఉండి, పేరులో మాత్రమే ప్రకటన కూరి ఉంటే పేరు మార్చే దారిలో వెళ్లి బోర్డు మీద ఉన్న పేరు రాయండి. షాపే లేకపోతే "క్లోజ్ ఆర్ రిమూవ్"లోకి వెళ్లి "ఇక్కడ లేదు" అన్న కారణం ఎంచుకోండి, ఫోటో అడిగితే జోడించండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

తేలకపోతే పెద్ద తలుపు ఉంది: "బిజినెస్ రిడ్రెస్సల్ కంప్లయింట్ ఫారం". 2019 నుంచి ఉంది, ఎవరైనా నింపొచ్చు. పేరు, ఫోను, వెబ్‌సైటు లింకుల్లో మోసం ఉన్న పేజీల కోసమే ఇది. రివ్యూల ఫిర్యాదులు ఇక్కడ వేయకండి. చాలా పేజీలు ఉంటే స్ప్రెడ్‌షీట్ జోడించే వీలుంది. వివరణలో ఇలా రాశాను: "ఈ పిన్ను ఉన్న చోట వ్యాపారం లేదు, అది నివాస గృహం. ఫలానా తేదీన తీసిన గేటు ఫోటో జతచేశాం. ఇదే ఫోన్ నంబరుతో ఇదే ఊళ్లో ఇంకో నాలుగు పేజీలు ఉన్నాయి, లింకులు ఇవి." ఫారం పంపాక ఈమెయిలుకి వచ్చే కేసు నంబరు దాచుకోండి.

ఏడో పని: నంబరే మారిపోతే అదే రోజు కదలండి

పోస్టరు, రివ్యూ వారం ఆగినా పర్లేదు. మీ పేజీలో కాల్ నంబరు మారితే మాత్రం గంట కూడా ఆగొద్దు. 2018లో మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖల నంబర్లను మ్యాప్‌లో ఎవరో మార్చేశారు. బ్యాంకుకే ఫోన్ చేస్తున్నామనుకున్న ఖాతాదారుల నుంచి కార్డు పిన్ను, సీవీవీ లాగి డబ్బు కాజేశారు. అక్కడ దారి తీసింది "సజెస్ట్ యాన్ ఎడిట్" సౌకర్యమే.

ముందు ఓనరు అకౌంటు నుంచి నంబరు సరిచేయండి. తర్వాత ఆ అకౌంటు పాస్‌వర్డు మార్చి, రెండంచెల భద్రత పెట్టండి. మేనేజర్ల జాబితాలో తెలియని పేరుంటే తీసేయండి. మీ కస్టమరు ఎవరైనా ఆ దొంగ నంబరుకు డబ్బు కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయమనండి, లేదా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమనండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకుండా నాసిరకం పని, అధిక బిల్లుతో సరిపెట్టి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడి అమ్మానాన్నల ఫ్రిజ్ కోసం మ్యాప్‌లో చూసి మనిషిని పంపించే పిల్లలు ఈ దొంగ నంబర్లకు తేలిగ్గా దొరుకుతారు. వాళ్లకు ఒక్క మాట: కంపెనీ వెబ్‌సైటులోని నంబరుకే ఫోను చేయండి, మ్యాప్‌లో "సర్వీస్ సెంటర్" అని ఉన్నదానికి కాదు.

తీయించలేనివి: డబ్బు కట్టిన ప్రకటనలు

మీ షాపు పేరు కొడితే పైన పోటీ షాపు వస్తోందా? పక్కన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే అది స్పామ్ కాదు, వాళ్లు డబ్బు కట్టి కొనుక్కున్న చోటు. రిపోర్టు కొట్టినా పోదు. మీ పేరు రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అయి, వాళ్లు దాన్ని ప్రకటన వాక్యంలోనే వాడితే గూగుల్‌కి ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు చేయొచ్చు. వెతికే పదంగా మాత్రమే వాడితే, అంటే ఎవరైనా మీ పేరు కొట్టినప్పుడు తమ ప్రకటన వచ్చేలా పెట్టుకుంటే, సంగతి వేరు. ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థ ఒకటి గూగుల్ మీద వేసిన కేసులో 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఇదే తేల్చింది. అవతలివాళ్ల ట్రేడ్‌మార్క్‌ను వెతికే పదంగా పెట్టడం దానంతటదే ఉల్లంఘన కాదు, జనం పొరబడేలా ఉంటే మాత్రం ప్రశ్నించవచ్చు, గూగుల్ కూడా చేతులు దులుపుకోలేదు అని. చిన్న వ్యాపారికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. సందులో మిక్సీ షాపుకి అవసరమా అంటే, నా ఉద్దేశంలో కాదు. మూడు నాలుగు బ్రాంచీలున్న స్వీటు షాపుకైతే ఆలోచించాలి.

గూగుల్ కాని డైరెక్టరీలదీ ఇదే తంతు. మీరు అడగకుండానే మీ షాపు అక్కడ ఉంటుంది, మీ పేజీలోనే పోటీవాళ్ల ప్రకటనలు ఉంటాయి. నంబరు తప్పయినా, పేజీ వద్దనుకున్నా వాళ్ల వెబ్‌సైటు అడుగున "గ్రీవెన్స్ ఆఫీసర్" ఈమెయిలు వెతికి రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 2026 సవరణ తర్వాత 7 రోజుల్లో పరిష్కరించాలి. ఫోనులో మాట్లాడితే "ప్రీమియం ప్యాకేజీ తీసుకోండి సార్" అంటారు, అందుకే ఈమెయిలే పెట్టండి. వాళ్ల జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రప్రభుత్వపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. ఈ దారి గూగుల్‌కి కూడా వర్తిస్తుంది.

పేజీ పెట్టగానే మొదలయ్యే ఫోన్లు

నంబరు బయటపడ్డ వారంలో "సార్, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ రేపటితో ఎక్స్‌పైర్ అవుతోంది" అని ఫోన్లు మొదలవుతాయి. గూగుల్‌లో షాపు పేజీ ఉచితం, ఎక్స్‌పైర్ కావడం అనేదే లేదు. పైకి తీసుకొస్తామని డబ్బులడిగేవాడు గూగుల్ మనిషి కాదు. వెరిఫికేషన్ కోడ్ అడిగితే ఫోను పెట్టేయండి. ఆ కోడ్ ఇవ్వడమంటే పేజీ వాడి చేతిలో పెట్టడమే.

ఇలాంటి అమ్మకపు ఫోన్లు రిజిస్టర్ చేసుకున్న సంస్థలవైతే 140తో మొదలవ్వాలి. మామూలు పది అంకెల నంబరు నుంచి వస్తే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లోనో, 1909 ద్వారానో ఫిర్యాదు చేయండి. ఫోను వచ్చిన 7 రోజుల్లోపు చేయాలి. గూగుల్ పేరు చెప్పి మోసం చేయబోయిన ఫోన్లయితే సంచార్ సాథీ పోర్టల్‌లోని "చక్షు"లో పెట్టండి. నా సలహా ఏమిటంటే పేజీలో పెట్టడానికి ఒక విడి సిమ్ము తీసుకోండి. బాబాయ్‌కి చిన్న కీప్యాడ్ ఫోను ఒకటి షాపుకోసమే పెట్టించాను.

వారానికి పది నిమిషాలు

సోమవారం షట్టరు ఎత్తాక టీ వచ్చేలోపు చేసేయొచ్చు. ఇన్‌కాగ్నిటోలో పేరు కొట్టడం, కాల్ బటన్ నొక్కడం, కొత్త ఫోటోలు, కొత్త రివ్యూలు చూడటం. ఏదైనా దొరికితే స్క్రీన్‌షాట్, రిపోర్టు, ఒక పాత డైరీలో తేదీ. పండగల ముందు రోజూ చూడండి, సంక్రాంతికి గ్రైండర్లు పాడైనట్టే దొంగ పోస్టర్లూ ఎక్కువవుతాయి.

బాబాయ్ పేజీలో పసుపు పోస్టరు నాలుగో రోజు పోయింది. రివ్యూ మొదట పోలేదు, అప్పీలు చేశాక పోయింది. టీచరు గారి ఇంటి మీది పిన్ను కంప్లయింట్ ఫారం దాకా వెళ్లాల్సి వచ్చింది, అదీ తీసేశారు. మిగతా రెండు దొంగ పేజీల్లో ఒకటి ఇంకా ఉంది. పేరు మారింది, నంబరు అదే. ఇరవై రోజులకోసారి మళ్లీ పంపుతున్నాను. బాబాయ్ మాత్రం నన్ను నమ్ముకుని కూర్చోలేదు. బాగుచేసి ఇచ్చే ప్రతి మిక్సీ అడుగునా షాపు పేరు, నంబరు ఉన్న స్టిక్కరు అంటిస్తున్నాడు. ఆ స్టిక్కర్లు ప్రింటు చేసింది మా సెంటర్లోనే, వందకి నూటిరవై.